ఏ నేలకు ఏ ఎరువు?

(రచన: బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

ఎరువు అనగానే మన కళాశాల మిత్రులలో చాలామందికి రెండే గుర్తుకు వస్తాయి. ఒకటి యూరియా, రెండోది పేడ. మొదటిది చెడ్డది, రెండోది మంచిది అని కూడా ఈ మధ్య అందరూ తేల్చి చెప్పేస్తున్నారు. ఇక్కడ రసాయనశాస్త్రం చదువుతూ, సెలవుల్లో ఇంటికి పోయి గంపతో పెంట ఎత్తే నాబోటివాడికి ఈ మాట సగమే నిజమనిపిస్తుంది. పచ్చి పేడ వేరు, చివికిన పేడ వేరు. గొర్రె పెంట వేరు, కోడి పెంట వేరు. వేప పిండి, ఆముదపు పిండి, చెరువు మట్టి, జనుము, ఊక బూడిద - దేని గుణం దానిదే. వీటన్నిటినీ "సేంద్రియం" అని ఒక్క పేరుతో పిలవడమంటే, దవాఖానలో వున్న సీసాలన్నిటినీ "మందు" అని పిలవడం లాంటిది. పేరు సరే, ఏ సీసా ఎవరికి అన్నది కదా ప్రశ్న!

ఈ ప్రశ్న నాకు పుస్తకం చదివితే పుట్టింది కాదు. 2016 దాకా వరంగల్ జిల్లాలో వుండి, అటు తరువాత మహబూబాబాద్ జిల్లాలో చేరిన ఒక పల్లె మాది. మూడెకరాల చలక. ఒకటిన్నర ఎకరం మిరప, మిగిలిన దాంట్లో పత్తి, ఇంటివరకు కూరగాయలు. మా తాత కాలంలో కొట్టంలో రెండు జతల ఎడ్లు, ఇంకా ఆవులు, బర్రెలు వుండేవట. నా చిన్నతనానికి ఒక జత మిగిలింది. ట్రాక్టరు దున్నకాలు వచ్చాక అదీ అమ్ముడుపోయింది. ఇప్పుడు ఒక బర్రె, దాని దూడ. ఏడాదికి మా పెంటకుప్ప రెండు ట్రాక్టర్ల లోపే, అంటే సుమారు 5 టన్నులు. కూరగాయలకూ మిరపకూ ఎకరానికి 10 టన్నులు వేయమని పుస్తకాలు చెబుతాయి. మూడెకరాలకు 30 టన్నులు కావాలి, చేతిలో వున్నది 5. మిగతాది కొనాలి, లేదా పొలంలోనే పుట్టించాలి. ప్రతి ఎండాకాలం మా బాపు నన్ను అడిగేది ఇదే: "సదువుకుంటున్నవు గద బిడ్డా, పైసలు గిన్నే వున్నయి. ఏది కొందాం, ఏది ఇడిసిపెడదాం?" ఆయనకు చెప్పడానికి నేను వెతుక్కున్న సంగతులనే ఇక్కడ రాస్తున్నాను. పొలం లేనివారు దీన్ని పెరటి మొక్కలకు, పూలమడులకు అన్వయించుకోవచ్చు.

పెంట చాలకపోవడం నిన్నటి ముచ్చట కాదు. 1889లో ఇంగ్లండు నుంచి వచ్చిన వోల్కర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దేశమంతా తిరిగి చూశాడు. ఎరువు విలువ తెలియక కాదు, వంటచెరకు దొరకకనే ఇక్కడి రైతు పేడను పిడకలు చేసి కాలుస్తున్నాడని 1893లో అచ్చయిన తన నివేదికలో అన్నాడు. ఇప్పుడు మా వూళ్లో ఇంటింటా గ్యాస్ పొయ్యి వుంది. పిడకలు పోయాయి. కాని పశువులూ పోయాయి గనుక ఆ మిగిలిన పేడ పొలానికి చేరలేదు.

ముందు నేల సంగతి

మా చలకలో ఇసుక ఎక్కువ, బంక తక్కువ. వాన కురిసిన మూడో నాటికి ఆరిపోతుంది. వేసిన యూరియా పెద్ద వానకు కిందికి దిగిపోతుంది. బంకమన్ను రేణువుల మీద రుణావేశం వుంటుందనీ, అమోనియం, పొటాషియం, కాల్షియం వంటి ధన అయాన్లను అవి పట్టుకుంటాయనీ మనం తరగతిలో చదివినదే. చలకలో వుండే కెయొలినైట్ జాతి బంకకు ఈ పట్టు చాలా తక్కువ. నల్లరేగడిలోని స్మెక్టైట్ బంకకు అనేక రెట్లు ఎక్కువ. బాగా చివికి నల్లబడ్డ సేంద్రియ పదార్థానికి, అంటే హ్యూమస్‌కు, ఆ రేగడి బంక కన్నా కూడా ఎక్కువ. కాబట్టి చలకకు ఎరువు వేయడమంటే తిండి పెట్టడం ఒక్కటే కాదు, తిండి నిలవచేసుకునే గాదెను కట్టివ్వడం కూడా.

రేగడి కథ వేరు. దానికి పట్టు వుంది, నీరు నిలుపుకునే శక్తీ వుంది. లేనిది గాలి. వానలో కాలు పెడితే ఊడి రాదు, ఎండలో చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పైగా చాలా రేగళ్లలో సున్నపు గులకలు వుంటాయి, ఉదజని సూచిక 8 దాకానో ఇంకా పైకో వుంటుంది. దానికి కావలసింది మట్టిని గుల్లపరిచే సరుకు. ఇక చౌడు నేలలో సోడియం చేరి బంక రేణువులను విడగొట్టేస్తుంది గనుక అక్కడ వట్టి పెంటతో పని జరగదు. జిప్సం వేసి, నీళ్లు నిలబెట్టి బయటికి తీసి, ఆ తరువాత జీలుగ వంటి పైరు చల్లి కలియదున్నాలి.

మీ పెరటి మట్టి ఏ రకమో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి, పైన నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా గిలకరించి కదలకుండా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో అడుగున పేరుకునేది ఇసుక. కొన్ని గంటల్లో దాని మీద చేరేది ఒండ్రు. మరునాటి దాకా నీళ్లలో తేలి మెల్లగా దిగేది బంక. మూడు పొరల మందం స్కేలుతో కొలిస్తే లెక్క తేలిపోతుంది.

సేంద్రియ కర్బనం ఎంత వుందో చూడడానికి మాత్రం మన కెమిస్ట్రీ ప్రయోగశాలలో వున్న సరుకే చాలు. 1934లో వాల్క్‌లీ, బ్లాక్ అనే ఇద్దరు ప్రకటించిన పద్ధతి ఇది. జల్లించిన ఒక గ్రాము మట్టికి 10 మిల్లీలీటర్ల నార్మల్ పొటాషియం డైక్రోమేటు, 20 మిల్లీలీటర్ల గాఢ గంధకికామ్లం కలిపి అరగంట వుంచాలి. ఆమ్లం కలిసినప్పుడు పుట్టే వేడికే మట్టిలోని కర్బనం ఆక్సీకరణం చెందుతుంది. ఆ తరువాత నీళ్లు, కొంచెం ఫాస్ఫారికామ్లం, డైఫినైల్ అమీన్ సూచిక చేర్చి, మిగిలిపోయిన డైక్రోమేటును ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటుతో అంశమాపనం చేయాలి. ముదురు నీలం చటుక్కున ఆకుపచ్చకు తిరిగితే అయిపోయినట్టు. మన దేశంలో 0.5 శాతం కన్న తక్కువ కర్బనం వుంటే "తక్కువ", 0.5 నుంచి 0.75 దాకా "మధ్యమం", ఆ పైన "ఎక్కువ" అని తరగతులు పెట్టారు. మా చేను మట్టి ఆ మొదటి తరగతిలోనే కూర్చుంది. పాత పెంటకుప్ప కింది మట్టి మాత్రం మూడో తరగతి దాటిపోయింది. రెంటికీ మధ్య దూరం నూరు అడుగులు!

అయితే పెంట వేయగానే ఈ శాతం పెరిగిపోతుందని ఆశపడకూడదు. ఒక ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు. 10 టన్నుల పెంటలో సగం నీరే. మిగిలిన 5 టన్నులలో మూడో వంతు కర్బనం అనుకుంటే 1,650 కిలోలు. మన ఎండలకు ఏడాది తిరిగేసరికి అందులో మూడింట రెండు వంతులు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. మిగిలేది 550 కిలోలు, అంటే 900 టన్నుల మీద 0.06 శాతం. ఇంగ్లండులో, చలిదేశాల్లో ఒకసారి వేసిన ఎరువు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇక్కడ ఏటేటా వేస్తుంటేనే వున్నది నిలుస్తుంది. అందుకే విదేశీ తోటల పుస్తకాలలోని మోతాదులను ఉన్నవున్నట్టు మన నేలకు తెచ్చిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

కర్బనం, నత్రజని - ఒక లెక్క

ఏ ఎరువు ఎప్పుడు వేయాలి అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఒక్క నిష్పత్తిలో వుంది. ఆ సరుకులో నత్రజని ఒక పాలు వుంటే కర్బనం ఎన్ని పాళ్లు వుంది అన్నదే ఆ నిష్పత్తి. ఒక్కసారి కాగితం మీద లెక్క కట్టి చూస్తే జన్మలో మరిచిపోరు.

100 కిలోల ఎండు వరిగడ్డి తీసుకోండి. అందులో కర్బనం సుమారు 40 కిలోలు, నత్రజని అర కిలో. నిష్పత్తి 80. దాన్ని మట్టిలో కలిపితే సూక్ష్మజీవులు తింటాయి. తిన్న కర్బనంలో మూడింట రెండు వంతులు శ్వాసలో వదిలేసి, మూడో వంతు, అంటే 13 కిలోలు ఒంటికి పట్టించుకుంటాయి. వాటి ఒంట్లో కర్బనం 8 పాళ్లకు నత్రజని ఒక పాలు. 13 కిలోల కర్బనానికి 1.6 కిలోల నత్రజని కావాలి. గడ్డిలో వున్నది అర కిలోనే. తక్కువ పడ్డ 1.1 కిలో ఎక్కడిది? మట్టిలో మొక్క కోసం వున్నదాన్నే లాక్కుంటాయి. పైరు పసుపుపచ్చగా పాలిపోతుంది. కొన్ని నెలలకు ఆ జీవులు చచ్చి ఆ నత్రజని తిరిగి వస్తుంది. కాని అప్పటికి పంట ఆగదు కదా.

ఇప్పుడు పూత మొదలైన జనుము తీసుకోండి. ఎండు బరువు 100 కిలోలలో కర్బనం అదే 40, నత్రజని మాత్రం 2.3 కిలోలు. జీవులకు కావలసింది 1.6. మిగిలిన 0.7 కిలో మొక్కకు వెంటనే దొరుకుతుంది. కర్బనం ఒకటే, ఒకటి అప్పు పుచ్చుకుంటుంది, ఇంకొకటి అప్పు ఇస్తుంది. నిష్పత్తి 20 లోపు వుంటే ఇచ్చే రకం, 30 దాటితే పుచ్చుకునే రకం అని గుర్తుపెట్టుకుంటే చాలు. రంపపు పొట్టుది కొన్ని వందలు. అందుకే దాన్ని పూలకుండీలో కలిపినవారి మొక్కలు గుటకలు మింగుతూ నిలబడతాయి.

ఇందులో ఒక తిరకాసు వుంది. అదే వరిగడ్డిని మట్టిలో కలపకుండా మొక్క చుట్టూ పైన పరిస్తే ఈ ఇబ్బంది దాదాపు లేదు. మట్టికి తగిలేది అడుగు పొర ఒక్కటే గనుక నత్రజని దొంగతనం అక్కడికక్కడే ఆగుతుంది. పైన గడ్డి ఎండను ఆపుతుంది, తేమ నిలుపుతుంది, నిదానంగా చివికి కిందికి చేరుతుంది. మా అవ్వ వంకాయ మడిలో పల్లి పొట్టు, ఎండాకులు పైపైన పరిచేది. ఆమెకు ఈ నిష్పత్తి తెలియదు. "మట్టికి ఎండ తగలద్దు బిడ్డా" అనేది, అంతే.

1924 నుంచి 1931 దాకా ఇండోరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డ్ చేసింది కూడా ఈ నిష్పత్తిని కుప్పలోనే సరిచేయడం. పత్తి కట్టె, గడ్డి, ఆకు అలములు ఒక పొర, పశువుల కింద తడిసిన మట్టి, పేడనీళ్లు ఒక పొర, మధ్యమధ్య తిరగేయడం, తేమ వుంచడం. ఇండోరు పద్ధతి అని ప్రపంచమంతా దీన్నే పిలుస్తారు. మా వూళ్లో పత్తి కట్టెను నేటికీ చేనులోనే అగ్గి పెడతారు. ముక్కలు చేసే యంత్రం దొరికిన ఏడు దాన్ని కుప్పలో వేస్తే, రెండు ట్రాక్టర్ల పెంట నాలుగు ట్రాక్టర్లు కావడం కష్టం కాదు.

సరుకు వారీగా

పశువుల పెంటలో నత్రజని సుమారు 0.5 శాతం, భాస్వరం 0.2, పొటాష్ 0.5. 10 టన్నులు వేస్తే 50 కిలోల నత్రజని, 46 శాతం గల యూరియా లెక్కలో చూస్తే రెండు బస్తాల పైచిలుకు. కాని మొదటి పంటకు అందేది మూడో వంతు లోపే. కనుక పెంటను నత్రజని కోసం కాదు, నేల కోసం వేస్తున్నామని తెలిసి వేయాలి. పచ్చిది వేయకూడదు. పచ్చి పెంటతో కలుపు గింజలు, ముఖ్యంగా వయ్యారిభామ, చేనంతా మొలుస్తాయి. చలకలో చెద పడుతుంది, వేరు పురుగు పెరుగుతుంది. కొబ్బరిచెట్టు పక్కన పచ్చి కుప్ప పెడితే కొమ్ము పురుగుకు పురిటిల్లు కట్టినట్టే. చివికింది లేనిది తెలుసుకోవడానికి పిడికిట పట్టి చూడాలి. మట్టి వాసన రావాలి, గడ్డి పోచ గుర్తుపట్టరాకూడదు, కుప్పలో చేయి పెడితే వేడి వుండకూడదు.

గొర్ల మంద పెట్టించడం మా వైపు పాత అలవాటు. గొర్రె, మేక పెంటలో నత్రజని 3 శాతం దాకా వుంటుంది, పశువుల పెంటకు అనేక రెట్లు. పైగా మూత్రం కూడా అక్కడే పడుతుంది, మోసే ఖర్చు లేదు. ఒక్కటే జాగ్రత్త. తెల్లారి మంద లేచిన వెంటనే దున్ని కలపాలి. రెండు రోజులు ఎండనిస్తే అమోనియా గాలిపాలు.

చెరువు మట్టి చలకకు దొరికే అన్నిటిలోకీ మేలైనదని నా అభిప్రాయం. కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువులున్న ప్రాంతం మాది. ఊరి చేలలోంచి కొట్టుకుపోయిన సన్న మట్టి, బంక, ఆకు అలము చెరువు అడుగునే చేరుతుంది. దాన్ని తిరిగి చేనుకు తోలడమంటే మన సొమ్ము మనం తెచ్చుకోవడం. చలకకు లేని బంక దాని వల్ల వస్తుంది. పెంట ఏడాదికి కరిగిపోతుంది, బంక కరగదు. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు తమ ఖర్చుతో మట్టి తోలుకున్నారు. నేనప్పుడు ఐదో తరగతి. మా ఎకరంలో 40 ట్రాక్టర్లు పడ్డాయి. ఆ ఎకరంలో ఇప్పటికీ తడికీ తడికీ మధ్య ఒకటి రెండు రోజులు ఎక్కువ ఆగవచ్చునని మా బాపు అంటాడు. చిక్కేమిటంటే చెరువు ఎండితేనే మట్టి. నీళ్లు నిండుగా వున్న ఏడు సంతోషమే గాని, మట్టి మాట మరిచిపోవాలి. రేగడి రైతులు మాత్రం దీని జోలికి పోనక్కరలేదు, బంకకు బంక ఎందుకు? అట్లాగే పరిశ్రమల నీళ్లు, పట్నపు మురుగు కలిసే చెరువు మట్టిని పరీక్ష చేయించకుండా ముట్టుకోకూడదు. సీసం, కాడ్మియం వంటి లోహాలు ఒకసారి చేలో చేరితే వాటిని తీసేసే ఉపాయం రైతు చేతిలో లేదు.

పశువులు లేనివారికి పచ్చిరొట్టే దిక్కు. చలకకు జనుము, వరి మడికి జీలుగ లేదా పిల్లిపెసర. తొలకరికి చల్లి, పూత మొదలయ్యే 45 రోజుల నాటికి కలియదున్నాలి. ఇంకా ఆగితే కాండం పీచుపట్టి నిష్పత్తి పెరిగిపోతుంది. కష్టం ఎక్కడంటే, వానాధార చేనులో ఆ 45 రోజులే అసలు పంట రోజులు. మిరప నారు ఆగస్టులో నాటుతాం గనుక మాకు జూన్, జూలై దొరుకుతాయి. పత్తి చేనుకు ఆ వీలు లేదు. అందుకని గట్ల మీద గిరిపుష్పం, కానుగ పెట్టి, ఏటా కొమ్మలు నరికి ఆకు వేయడం మంచిది.

పిండి ఎరువులు ఖరీదైనవి, కాని చాలా చురుకైనవి. పల్లి పిండిలో నత్రజని 7 శాతం పైన, వేప పిండిలో 5, ఆముదపు పిండిలో 4 శాతం పైన. పల్లి పిండి బర్రెకు పెట్టి దాని పేడ చేనుకు వేయడమే తెలివి. వేప పిండికి మరో రెండు గుణాలున్నాయి. వేరు ముడతలు తెచ్చే నులిపురుగులను తగ్గిస్తుంది. అమోనియాను నైట్రేటుగా మార్చే జీవుల వేగం తగ్గిస్తుంది గనుక నత్రజని నీళ్లలో కొట్టుకుపోవడం తగ్గుతుంది. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియాకంతా వేపనూనె పూత తప్పనిసరి చేయడానికి ఈ గుణమే ఆధారం.

ఆముదపు పిండి గురించి ఒక హెచ్చరిక. ఆముదం గింజలో రిసిన్ అనే మహా విషం వుంది. అది మాంసకృత్తు గనుక నూనెలో దిగదు, గానుగ ఆడిన తరువాత పిండిలోనే వుండిపోతుంది. బాగా వేడి చేయని పిండిని కుక్కగాని, మేకగాని, దూడగాని తింటే బతకడం కష్టం. వాసనకు కుక్కలు వెతుక్కుంటూ వస్తాయి కూడా. ఇంట్లో పసిపిల్లలు, పెంపుడు జంతువులు వున్నవారు పూలకుండీలకు దీన్ని వాడవద్దు. వాడితే ముక్కుకు గుడ్డ కట్టుకుని, వేసిన వెంటనే మట్టిలో పూడ్చి, బస్తా పైన అటక మీద పెట్టండి. సహజమైనదంతా సాధువు అనుకునేవారికి ఇంతకంటే జవాబు అక్కరలేదు.

కోళ్ల ఫారాల నుంచి వచ్చే ఎరువు బలమైనది, వేడిది, ఉప్పదనం వున్నది. రెండు మూడు నెలలు కుప్పపోసి మాగనిచ్చాకే వేయాలి. పచ్చిది లేత మొక్కల మొదట్లో వేస్తే వేళ్లు మాడిపోతాయి.

బూడిదను ప్రతి ఇంటా మొక్కలకు చల్లుతారు. పొటాష్ వున్న మాట నిజమే. కాని అది క్షారం. పుల్లగా వున్న నేలకు మంచిది, రేగడికీ చౌడుకూ మంచిది కాదు. పేడలో బూడిద కలిపి నిలవ చేయడం మరీ తప్పు పని. క్షారం తగలగానే అమోనియం అమోనియాగా మారి ఎగిరిపోతుంది. కుప్ప దగ్గర ముక్కు మండితే, మండేది మన డబ్బే. ఎముకల పొడి విషయం దీనికి దగ్గరిదే. అందులో భాస్వరం 20 శాతం పైన వున్నా, అది కరగడానికి నేలలో కొంత ఆమ్లత్వం వుండాలి. సున్నపు గులకల రేగడిలో వేస్తే రాయి వేసినట్టే పడి వుంటుంది.

జీవామృతం గురించి అడగకుండా వుండరు. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి. అందులోని నత్రజని అంతా కూడితే నా లెక్కకు పావు కిలోకు అటూ ఇటూ. ఎకరానికి అది ఎరువు కాదు, తోడు. పాలు వుంటే చిటికెడు మజ్జిగ పెరుగు చేస్తుంది. పాలు లేని గిన్నెలో ఎంత మజ్జిగ వేసినా మజ్జిగే. చేనులో గడ్డి, ఆకు, పెంట వుంటే దాని వల్ల మేలు కలగవచ్చు. మా చలక వంటి ఖాళీ గిన్నెకు ముందు పాలు కావాలి.

బస్తా కొనేటప్పుడు

అంగట్లో రంగురంగుల బస్తాలు వచ్చాయి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006 నుంచి వర్మీకంపోస్టు, పట్నపు చెత్త కంపోస్టు వంటి వాటికీ ప్రమాణాలు పెట్టారు. కర్బన నత్రజని నిష్పత్తి 20 లోపు వుండాలన్నది వాటిలో ఒకటి. బస్తా మీద ఆ అంకెలు లేకపోతే దించి పక్కన పెట్టండి. అంకెలు వుంటే కిలో నత్రజని ఎంతకు పడుతుందో అక్కడే లెక్క కట్టండి. 50 కిలోల బస్తాలో నత్రజని ఒక శాతం అంటే అర కిలో. బస్తా ధరను రెండుతో హెచ్చవేస్తే కిలో ధర వస్తుంది. అదే బరువు వేప పిండిలో 2.5 కిలోలు. తేమ ఎంత అని కూడా అడగాలి, నీళ్లు మన బావిలోనే వున్నాయి.

ఇంటికి తెచ్చాక ఇంకో పరీక్ష. పిడికెడు ఎరువును నాలుగు పిడికెళ్ల నీళ్లలో కలిపి వడగట్టండి. ఒక గుడ్డలో ఇరవై మెంతులను ఆ నీళ్లతో, ఇంకో గుడ్డలో ఇరవై మెంతులను మంచినీళ్లతో తడిపి నాలుగు రోజులు చూడండి. మొదటి గుడ్డలో మొలకలు తక్కువై, వేళ్లు పొట్టిగా గోధుమరంగులో వుంటే ఆ ఎరువు ఇంకా మాగలేదు, లేదా ఉప్పు ఎక్కువ. మా గదిలో కిటికీ మీద ఈ గుడ్డలు చూసి మెంతి కూర ఎప్పుడని అడిగిన మిత్రులు వున్నారు.

మా ఇంటి సంగతికి వస్తే, ఈ ఏడు మేం అనుకున్నది ఇది. వున్న 5 టన్నుల పెంట మూడెకరాలకూ చల్లకుండా అర ఎకరం మిరపకే వేయడం. మిగిలిన ఎకరం మిరప చేనుకు జూన్‌లో జనుము. మిరప సాళ్లలో మాత్రం వేప పిండి కొనడం. పత్తి చేనుకు చెరువు ఎండితే మట్టి, ఎండకపోతే రెండు రాత్రులు గొర్ల మంద. యూరియా పూర్తిగా మానలేదు. కర్బనం లేని నేలలో ఒక్కసారిగా మానేస్తే ఆ లోటు నేల తీర్చదు, మా బాపు అప్పు చేసి తీర్చాలి. జనుముకు నత్రజని పట్టే గుణం వుంది గనుక ఆ ఎకరంలో యూరియా తగ్గించి చూస్తాం. "తగ్గిస్తె ఏమైతదో ఓ నాలుగు సాళ్లల్ల సూద్దాం, అంతట వద్దు" అని మా బాపు షరతు. ప్రయోగం ఎట్లా చేయాలో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

మన కళాశాల మొక్కలు

1950లో కె. ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవం ప్రతి జూలైలో మన ఆవరణలోనూ జరుగుతుంది. ఉపన్యాసం, ఛాయాచిత్రం, మొక్క. వచ్చే ఏప్రిల్‌కు వాటిలో ఎన్ని మిగులుతున్నాయో హాస్టల్ నుంచి తరగతికి నడిచే ప్రతివారికీ తెలుసు. విద్యార్థి సంఘం వారికి నా మనవి ఒక్కటే, గుంటల పని జూలైలో మొదలుపెట్టవద్దు. మన ఆవరణ నేల ఎర్రది, గులక ఎక్కువ, అడుగు దాటితే మొరం. మే నెలలో రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంటలు తీసి ఎండకు వదిలేయాలి. పై మట్టి ఒక పక్క, కింది మొరం ఇంకో పక్క పోయాలి. తొలకరి పడ్డాక పై మట్టికి ఒక వంతు చెరువు మట్టి, పది కిలోల బాగా చివికిన పెంట, పావు కిలో వేప పిండి కలిపి నింపి, ఒక వాన తిని కుంగిన తరువాత మొక్క పెట్టాలి. పచ్చి పేడ వద్దు, రంపపు పొట్టు వద్దు. నాటాక మొదలుకు నాలుగు వేళ్ల దూరం వదిలి చుట్టూ గడ్డి పరచాలి.

ఆ గడ్డికి, పెంటకు డబ్బు వెతుక్కోనక్కరలేదు. ఆవరణలో ఊడ్చిన ఆకులను రోజూ ఉదయం గోడ పక్కన తగలబెడుతున్నారు. వాటిని హాస్టల్ వంటశాల కూరగాయల తొక్కలతో కలిపి వెనుక ఖాళీ స్థలంలో కుప్పపోస్తే వానాకాలం వరకు చివుకుతాయి. ఆకు అప్పు పుచ్చుకునే రకం, తొక్క ఇచ్చే రకం. మూడు గంపల ఆకుకు ఒక గంప తొక్క, పైన పలుచగా మట్టి, వారానికి ఒకసారి తిరగేయడం. కుప్ప తిరగేయడానికి పార పట్టేవారు నలుగురు కావాలి. నేను ఒకణ్ణి వున్నాను, ఇంకా ముగ్గురు కావాలి.